పెదవి మీది గుండుసూది

డాక్టరమ్మ చిన్న సీసా ఊపింది. లోపల గుండుసూది టిక్కుమంది.

“ఇది మూడోది. మొదటి రెండూ పొట్టలోనే దొరికాయి కాబట్టి సరిపోయింది. ఇదేమో చిన్నపేగు దాకా దిగిపోయింది. పొడవాటి కెమెరా గొట్టం పంపించి, మొన గీసుకోకుండా తొడుగులోకి లాగి బయటికి తెచ్చేసరికి నాకు చెమటలు పట్టాయి. ఇంకోసారి మింగితే పేగుకి చిల్లు పడొచ్చు. ఆపరేషన్ తట్టుకునే ఒళ్ళు కాదావిడది.”

కొడుకు తల పట్టుకున్నాడు. “కుట్టు మిషను అమ్మేశాం. ఇల్లంతా జల్లెడ పట్టాం. సూదులెక్కణ్ణుంచి వస్తున్నాయో అంతుపట్టడం లేదండీ.”

“జీవితమంతా బట్టలు కుట్టింది కదా,” అంది చెల్లెలు సన్నగా. “పెదవుల మధ్య సూదులుంటేనే అమ్మకి చెయ్యి ఆడేది. వాటితోనే తిట్టేది, వాటితోనే నవ్వేది. ఒక్కటీ జారేది కాదు.” డాక్టరమ్మ వైపు తిరిగి అడిగింది. “మమ్మల్ని గుర్తుపట్టేలా చేసే మందేదైనా ఉందా డాక్టరుగారూ?”

“లేదమ్మా.”

అది తెలిసిన జవాబే. అమ్మ ఇప్పుడు కన్నకొడుకుని “మీరు” అంటోంది. ఒళ్ళు తుడిచే కూతుర్ని “ఎవరు నువ్వు? చెయ్యి తియ్యి” అని కసురుకుంటోంది.

ఇంటికి రాగానే అతని కోపమంతా, అమ్మని కనిపెట్టుకుని ఉండే ఆయా మీదికి మళ్ళింది.

“నీ కళ్ళేం చేస్తున్నాయి? రేపట్నుంచి రానక్కర్లేదు.”

“సూది నేను ముట్టుకుంటే ఒట్టు బాబూ!” అంటూ ఆయా ఏడ్చుకుంటూ వెళ్ళిపోయింది. చెల్లెలు అడ్డుపడలేదు, తల కూడా ఎత్తలేదు. పాపం, చాకిరీతో అలిసిపోయింది అనుకున్నాడు.

మర్నాడు మందులు తెచ్చేసరికి అమ్మ గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల్నుంచి మాటలు వినబడ్డాయి. పళ్ళు బిగబట్టి, పెదవి చివర్నుంచి పలికే పాత గొంతు.

“ఒసే పొట్టీ, కదలకుండా నిలబడవే! చంక దగ్గర కాస్త వదులు చెయ్యాలి. అన్నయ్య వచ్చాడా? వాడి చొక్కాకి గుండీలు కుట్టాలి.”

పొట్టి! అమ్మ చెల్లెల్ని అలా పిలిచి ఎన్నాళ్ళయిందో. తననీ తలుచుకుంది! మందుల సంచి అక్కడే వదిలేసి, కళ్ళు తుడుచుకుంటూ తలుపు తోశాడు.

అమ్మ పెదవుల మధ్య చెల్లెలు ఇంకో గుండుసూది పెడుతోంది.