పన్నెండో నంబరు

పన్నెండో నంబరు ఎక్కడా లేదు.

జయంత్ చాప మీద కూర్చుని ల్యాప్‌టాప్‌లో వెతుకుతున్నాడు. డేటా కార్డు నత్తనడక నడుస్తోంది. ఏ సైటు తెరిచినా పదకొండో నంబరు దగ్గరే ఆగిపోతోంది. బూట్లు శుక్రవారంలోగా జగ్గయ్యపేట చేరాలి.

"పదకొండు సరిపోదామ్మా?"

"సరిపోదు," అంది తాయారు. "ఇన్నేళ్ళూ మడమలు బయటపెట్టుకునే నడిచారు మీ నాన్న. ఇప్పుడైనా సరైనవి కొనరా."

"కొలత కచ్చితంగా తెలియాలిగా?"

తల్లి నేల మీద చెయ్యి పరిచింది. "జానెడు, బెత్తెడు, పైన రెండు వేళ్ళు. రోజూ పట్టిన కాళ్ళు, నాకు తెలీదూ?"

జయంత్ తల వంచుకున్నాడు. కిందటేడు నాన్న హైదరాబాదుకి ఫోన్ చేశాడు. "షుగరుకి రోజూ నడవమన్నాడ్రా డాక్టరు. అక్కడ నా సైజు బూట్లు దొరుకుతాయేమో చూడు."

చూస్తానన్నాడు. చూడలేదు. రెండోసారి అడిగితే, "అంత సైజు మనుషులకి చెయ్యరు నాన్నా" అని నవ్వేశాడు.

మూడోసారి నాన్న అడగలేదు.

"అసలే మెత్తటి పాదాలు," అంది తల్లి. "ఆ ఎండలో, ఆ రాళ్ళల్లో ఎలా నడుస్తారో ఏమిటో."

చివరికి ఒక బెంగుళూరు షాపు సైట్లో దొరికాయి. వెడల్పు పాదాలవి, ఒకే ఒక్క జత. జయంత్ ఆర్డరు పెట్టి ఊరుకోలేదు. షాపుకి ఫోన్ చేసి, శుక్రవారం దాటితే వాటితో పనే లేదని బతిమాలాడు.

గురువారం పార్సిల్ నందిగామ కొరియర్ ఆఫీసు దాకా వచ్చి ఆగింది. జగ్గయ్యపేటకి బండి రేపు సాయంత్రమే అన్నారు. జయంత్ కాళ్ళకి చెప్పులైనా లేకుండా బస్సెక్కాడు.

కౌంటర్లో కొండలరావు పెట్టె మీద సైజు చదివి నోరు తెరిచాడు. "ఇవి బూట్లా పడవలా అండీ బాబూ! ఎవరికి?"

"మా నాన్నగారికి."

"అదృష్టవంతులండీ ఆయన. మావాడున్నాడు, నేను తెగిన చెప్పులీడ్చుకుంటూ తిరుగుతున్నా వాడి కంటికి ఆనదు."

జయంత్ పెట్టె చంకన పెట్టుకుని బయటపడ్డాడు.

ఇంట్లో తాయారు ఒక బూటు ఒళ్ళో పెట్టుకుని, లోపల చెయ్యి పెట్టి కొలిచింది. జానెడు, బెత్తెడు, రెండు వేళ్ళు.

"సరిగ్గా పడతాయిరా ఆయనకి," అంది కళ్ళొత్తుకుంటూ.

మర్నాడు శ్రీమన్నారాయణగారి పెద్దకర్మలో, పరలోకపు దారిన ఆయన కాళ్ళు కాలకుండా కొడుకు జయంత్ దానమిచ్చిన ఆ బూట్లని, ఆరో నంబరు కాళ్ళ పురోహితుడు సంచీలో వేసుకుని వెళ్ళిపోయాడు.