తడి గోనెలు

రెబ్కా సంచిని హనుమాయమ్మే సర్దింది.

ఎవరూ సర్దమనలేదు. చీరాల బస్సుకి ఇంకా గంటన్నర ఉంది. అయినా ఆగలేకపోయింది.

రెండు చీరెలు, ఒక దువ్వెన, నల్ల అట్ట బైబిలు. వాటి అడుగున, పాత రుమాల్లో చుట్టిన బరువైనదేదో చేతికి తగిలింది.

విప్పి చూసింది. బ్రేక్ ప్యాడ్. బొగ్గులా మాడిపోయి, సగానికి సగం అరిగి ఉంది. వెనక ఇనప రేకు మీద గీసిన 'హ'.

ప్రత్తిపాడు రోడ్డు మీద వాళ్ళిద్దరూ పనిచేసే ప్యాడ్ల షెడ్డులో అదొక పద్ధతి. ఏ ముక్కని ఎవరు తయారుచేస్తే వాళ్ళ పేరు మొదటి అక్షరం రేకు మీద గీయాలి. 'హ' అంటే హనుమాయమ్మ. పదిహేనేళ్ళుగా ప్యాడ్లు కాల్చే బట్టీ ఆమెదే.

"ఓసి దొంగమొహమా! ఎత్తుకుపోవటానికి నా ముక్కే దొరికిందటే నీకు?"

రెబ్కా గుమ్మంలోనే నిలబడిపోయింది. "దొంగిలించలేదక్కా. అది నాదే."

"నా అక్షరం పెట్టుకుని నీదెట్టా అయిద్దే?"

రెబ్కా ఇమ్మని చెయ్యి చాపింది. హనుమాయమ్మ ఆ ముక్కని తుక్కు కుప్పలోకి గిరాటేసింది.

ఆ కడుపుమంట ఇవాళ్టిది కాదు. మూడు నెలలుగా ఉంది.

ప్యాడ్లలో జిగురు పొడి బదులు సిమెంటు కలిపితే, ఘాటు రోడ్డులో ఎంత వేడెక్కినా కాలవని కాలేజీ సారెవరో షెడ్డు ఓనరు అంకమ్మరావుకి చెప్పాడు. కలిపి చూశారు. హనుమాయమ్మ అలవాటుగా బట్టీలో పెట్టింది. అన్నీ పగిలాయి.

అప్పుడొచ్చింది రెబ్కా. తాపీ పనికి పోయే మనిషి. ఏ పనైనా సరే, ఈ షెడ్డులోనే కావాలంది.

పగిలిన ముక్కల్ని చూసి నవ్వింది. "సిమెంటుకి మంటెందుకయ్యా? నీళ్ళు కావాలి. గోడకి పట్టినట్టు పట్టాలి."

తడి గోనెలు కప్పింది. పూటపూటా తడిపింది. ఇరవై ఒక్క రోజులయ్యాక సుత్తితో కొడితే ముక్క కంగుమంది గానీ చెదరలేదు.

"చూశావా హనుమాయమ్మా, చెయ్యంటే అదీ!" అన్నాడు అంకమ్మరావు.

పదిహేనేళ్ళలో ఆ మాట ఆమెతో ఒక్కసారీ అనలేదు.

ఆ రోజు నుంచీ అన్నం సయించలేదు. రెబ్కా "అక్కా" అని పిలిస్తే ఒళ్ళు మండేది. సిమెంటు వస్తే బట్టీ ఎందుకు? బట్టీ లేకపోతే తనెందుకు?

మొదటి జతని సుమో ఓనరు అబ్దుల్లా పట్టుకెళ్ళాడు. రెండో వరస గోనెల కింద ఉండగా రెబ్కా ఒక రోజు సెలవు పెట్టింది.

"చీరాల్లో ప్రార్థన ఉందక్కా. రేపొస్తా. కాస్త గోనెలు తడుపుతావా?"

"నీ గోనెలు తడపటానికే పుట్టానా ఏంటి? సర్లే, పో."

ఆ మధ్యాహ్నమే హనుమాయమ్మ ముక్కల్ని తీసి బట్టీలో పెట్టింది. సాయంత్రానికి మళ్ళీ గోనెలు కప్పి, పైన నీళ్ళు చల్లింది.

నిన్న విజయవాడ నుంచి కొనేవాళ్ళొచ్చారు. సుత్తి తగలగానే ముక్కలు అచ్చుబెల్లంలా విరిగాయి. అంకమ్మరావుకి తల కొట్టేసినట్టయింది.

"ఈ సిమెంటు మనకొద్దు రెబ్కా. నువ్వు ఇంటికెళ్ళు తల్లీ."

రెబ్కా విరిగిన ముక్కని వాసన చూసింది. ఒక్కసారి హనుమాయమ్మ వైపు చూసింది.

"నా చేతి తప్పేనయ్యా," అంది.

ఇప్పుడు సంచి భుజాన వేసుకుని, గుమ్మం దాటబోతూ ఆగింది.

"అక్కా, మూలన ఇంకో ఎనిమిదున్నాయి. వాటినన్నా బట్టీలో పెట్టమాక. రోజూ తడుపు. నీకయితే చెయ్యి కుదురుద్ది."

హనుమాయమ్మ మొహం తిప్పుకుంది.

వారం తర్వాత అబ్దుల్లా సుమో షెడ్డు ముందు ఆగింది.

"రెబ్కా ఏదమ్మా? శివరాత్రి జనాన్నేసుకుని శ్రీశైలం ఘాటంతా దిగొచ్చా. పొగ లేదు, వాసన లేదు. తొక్కినచోట ఆగింది బండి!"

"పోయింది."

"ఎక్కడికి?"

"ఏమో. దొంగమనిషి ఎటు పోతే నాకేంది? నేను కాల్చిన ముక్కని రుమాల్లో చుట్టుకుపోబోయింది."

అబ్దుల్లా మొహంలో నవ్వు పోయింది. "మాడిపోయిన ముక్కా?"

"నీకెట్టా తెలుసు?"

"ఇచ్చింది నేనే. నా పాత సుమోని లోయలోంచి లాగితే, ముందు చక్రంలో మిగిలిన ముక్క అది. 'హ అంటే ఎవరు భాయ్' అని అడిగి, వెతుక్కుంటూ ఇక్కడికొచ్చింది. ఆ మనిషిని నాలుగు తిట్టిపోద్దనుకున్నా. పనిలో చేరింది! మొన్న ఏడాది ప్రార్థనకెళ్తే నాతో ఏమందో తెలుసా? 'అక్కకి చెప్పొద్దు భాయ్, తట్టుకోలేదు' అంది."

హనుమాయమ్మ తుక్కు కుప్పని రెండు చేతులా తవ్వింది. ముక్క దొరికింది. మసి తుడిస్తే 'హ' పక్కన తను గీసిన నెల, ఏడాది కూడా ఉన్నాయి. 1-99. ఆ సరుకు ఆమెకి గుర్తే. శివరాత్రి గిరాకీ తొందరలో, సగం కాలగానే బట్టీలోంచి తీసేసింది.

మూలన గోనెలు ఎండి కరకరలాడుతున్నాయి. బిందెడు నీళ్ళు తెచ్చి కుమ్మరించింది.

చీరాలకి రెండుసార్లు వెళ్ళింది. పనికోసం ఏ ఊరు పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు.

తర్వాత ఆ షెడ్డులో సిమెంటు ప్యాడ్లు తన చేత్తోనే చేసింది. కానీ ఏ ఒక్కదాని మీదా 'హ' గీయలేదు. 'రె' అని గీసింది.

రెబ్కా మళ్ళీ రాలేదు. ఆ పాత సుమో తోలిన ఆమె భర్త ఏసుపాదం, తొంభై తొమ్మిది శివరాత్రి మర్నాడు, ఫిబ్రవరి పదిహేనున, శ్రీశైలం నుంచి ఇంటికి తిరిగి రాలేదు.