కొట్టు ముందరి లైటు

షట్టర్ ఎత్తబోతూ హనుమంతు తలెత్తి చూశాడు. రాత్రంతా వెలగాల్సిన లైటు మూడో రోజు కూడా ఆరిపోయి ఉంది.

"నీలావతీ! నువ్వు గానీ ఆర్పినావా?"

"నేనెందుకు ఆర్పుతా?" మేడ మీది కిటికీలోంచి భార్య బదులిచ్చింది.

ధర్మవరంలో వాళ్ళది పట్టుచీరల కొట్టు. పైన ఇల్లు. కొట్టు చీకటైతే లక్ష్మి నిలవదని హనుమంతు తల్లి చెబుతుండేది. అందుకే బోర్డు పైన అంత పెద్ద లైటు పెట్టించాడు. దాని స్విచ్చి బయటే, మెట్ల పక్క గోడకు ఉంది.

ఆ వెలుతురంతా పోయి పై గదిలో కూతురు స్వాతి ముఖాన పడేది. ఎండాకాలం. కిటికీ మూస్తే ఉక్క.

"లైటు కంట్లో గుచ్చుకుంటాందమ్మా, నిద్ర రాలే" అని ఏడ్చేది పిల్ల.

"కండ్లు మూసుకో, అదే వస్తాది" అనేది నీలావతి.

మూడో తరగతి పిల్ల. నెల తిరిగేసరికి చిక్కి సగమైంది. బడిలో రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయింది. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. గుణం లేదు.

కొట్టు మెట్ల మీద ఒక ముసలాయన కూర్చుని దుప్పటి మడతపెడుతున్నాడు. ఏ ఊరివాడో, పదిరోజులుగా రాత్రిళ్ళు అక్కడే పడుకుంటున్నాడు.

"ఏమప్పా, స్విచ్చి ముట్టింది నువ్వేనా?"

"నేనేనప్పా. లైటు లైటు అని పైన పాప ఒకటే ఏడుస్తాండె. ఆర్పినంక సద్దు లేదు. నిద్రపోతాండాది, పాపం."

"మా పాప సంగతి నీకెందుకు? ఊరికే పడుకునేది చాలక నీ నిద్రకు చీకటి కూడా కావల్లనా?"

"నాకేటికప్పా చీకటి..." ముసలాయన ఎటో చూస్తూ అన్నాడు.

"ఎట్లో చూస్తావేమి? మొగం చూసి మాట్లాడనోడు దొంగ గాక ఇంకేమి? లెయ్! మళ్ళా ఈడ కనపడితే కాళ్ళు విరగ్గొడతా."

చేతిలోని దుప్పటి లాగి వీధిలోకి విసిరేశాడు.

ఈ మూడు రోజులూ స్వాతి లేపితే గానీ లేవలేదు. నీలావతికి ఆ మాట నోటిదాకా వచ్చింది. వీధిలో మొగుడికి ఎదురు చెప్పడం దేనికని మింగేసింది.

ముసలాయన కర్ర తీసుకుని బస్టాండు వైపు పోయాడు. దుప్పటి వైపు తిరగను కూడా లేదు. రోషం కాబోలు అనుకుందామె.

ఆ రాత్రి లైటు మళ్ళీ వెలిగింది.

వారం తిరగకముందే స్వాతి బడిలో మళ్ళీ పడిపోయింది. హిందూపురం తీసుకుపోయారు.

"జబ్బేం లేదమ్మా, నిద్ర లేదంతే" అన్నాడు డాక్టరు. "గదిలో వెలుతురుంటే రాత్రయిందని ఒంటికి తెలియదు. ఈమధ్య ఎప్పుడైనా బాగా నిద్రపోయిందా?"

"మూడు రాత్రులు సార్" అంది నీలావతి. ఆ వెంటే ఏడుపొచ్చేసింది.

హనుమంతు తల దించుకున్నాడు.

ధర్మవరంలో బస్సు దిగగానే టీ కొట్టు ఓబుళప్ప దగ్గరికి పోయింది నీలావతి.

"అన్నా, తెల్లగడ్డం ముసలాయన, చేతిలో కర్ర ఉంటాది. ఈడ పడుకుంటాడా?"

"మడకశిర గోవిందప్పనా? మొన్న పొద్దున రోడ్డు దాటబోయి లారీ కింద పడినాడు తల్లీ. ఆడికాడే పోయినాడు."

నీలావతి కూతురిని దగ్గరికి లాక్కుంది.

"పట్టపగలు, అంత పెద్ద లారీ కనపడలేదా?" అన్నాడు హనుమంతు.

ఓబుళప్ప గ్లాసు కడగడం ఆపి అతని వైపు చూశాడు.

"యాడ కనపడతాదబ్బా? పుట్టినప్పటినుంచి ఆయప్పకు చూపే లేదు గదా!"