పంపడానికి కారణం

"ఇంతకీ ఆయన మీకేమవుతారు?" ఆమె పంపబోయిన డబ్బు ఆపి, బ్యాంకు తనిఖీ అధికారి రెండోసారి అడిగాడు.

"మా గురువుగారండీ. వయొలిన్ నేర్పారు."

"అయితే జీతం బాకీ ఉన్నారా?"

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. పన్నెండేళ్లు నేర్పిన మనిషి ఒక్క పైసా పుచ్చుకోలేదు. ఇప్పుడు ఆయన ఎడమచేతి వేళ్లు ముడుచుకుపోయి తీగ మీద నిలవడం లేదు. శుక్రవారంలోగా డబ్బు కడితే ఆపరేషన్, లేదంటే ఆ వేళ్ల మీద ఆశ వదులుకోవాలి. ఈ సంగతైనా ఆయన చెప్పలేదు, ఆయన భార్య, అమ్మగారు, చాటుగా ఫోన్ చేశారు. ఆయన ఖాతాలో పడితే చాలు, ఎలాగో నచ్చజెప్పి కట్టిస్తానన్నారు.

ఆ ఇంట్లో నోరు తెరిచి అడిగే అలవాటు ఎవరికీ లేదు. ఆయన జీతం అడగరు, శిష్యులు కొత్త పాఠం అడగరు. గుమ్మం దగ్గర కాస్త తచ్చాడితే ఆయనే గ్రహించి మొదలుపెడతారు.

ఇదంతా విన్న అధికారి ఆమె వంక జాలిగా చూశాడు. చెడ్డవాడేం కాదు, మోసపోయి ఏడ్చేవాళ్లను రోజూ చూస్తున్నవాడు. బిల్లు లేదు, రసీదు లేదు, పెద్ద మొత్తం, పైగా తొందర. ఇవన్నీ మోసం లక్షణాలేనని ఓపిగ్గా చెప్పాడు. ఆమె పేరెత్తకుండా గురువుగారికే ఫోన్ కలిపి, డబ్బు పంపమని ఎవరినైనా అడిగారా అన్నాడు.

"నా జన్మలో ఎవర్నీ అడగలేదు," అని ఆయన ఫోన్ పెట్టేశారు.

"విన్నారుగా మేడమ్? అడిగినవాళ్లే లేరు, మీరు ఎవరికి పంపుతున్నట్టు?"

ఆమె ఒళ్లు మండిపోయింది. కంప్యూటర్‌లో కారణాల జాబితా కనిపిస్తోంది. అప్పు, అద్దె, జీతం, కొనుగోలు. గురువుకు అందులో చోటు లేదు.

"ఆయన దగ్గర ఒక వస్తువు కొంటున్నాను," అంది.

"ఏ వస్తువు?"

ఆ ఇంట్లో డబ్బొచ్చే వస్తువు ఇంకేముంది? "వయొలిన్," అనేసింది.

"ఆ ముక్క ముందే చెబితే అయిపోయేదిగా," అంటూ అతను తేలిగ్గా ఊపిరి పీల్చుకుని మీట నొక్కాడు. ఆ కారణం రాసిన కాగితం ఒకటి ఆయనకూ పోస్టులో వెళ్తుందన్నాడు. డబ్బు కదిలిన సంతోషంలో ఆమె సరేనని లేచింది.

మూడు వారాల తర్వాత అమ్మగారికి ఫోన్ చేసింది. ఆపరేషన్ బాగా జరిగిందట. వేళ్లు చక్కగా వంగుతున్నాయట. ఆమెకు కళ్లు చెమర్చాయి.

"డబ్బు తీసుకోవడానికి ఏమీ అనలేదా అమ్మగారూ?"

"నేను నచ్చజెప్పాల్సిన పనే పడలేదమ్మా. బ్యాంకు కాగితం చూసి, పిచ్చిపిల్ల, నోరు తెరిచి అడగలేకపోయింది అని ఒకటే మురిసిపోయారు."

"అయితే ఒక్కసారి వాయించమనండి, ఫోన్లో వింటాను."



"వయొలిన్ నీకింకా చేరలేదామ్మా?"