ఖాళీ జాగాలు

"రేపటినుంచి రాను పిల్లా," అంటూ పోలమ్మ చేతులు కడుక్కుంది. రొయ్యలు వలిచే ఆ షెడ్డులో ఈ నెల మానేస్తున్న నాలుగో మనిషి ఆమె.

"నువ్వూ ఎలిపోతే షెడ్డు మూసుకోవాలత్తా. ఏటయింది?" అంది యజమానురాలు అనూరాధ.

"అద్దింటి ఓనరు కాళీ సెయ్యమన్నాడు. నౌపడ ఊరంతా తిరిగినా అద్దెకి గది దొరకలేదు. మా తమ్ముడి ఊరెలిపోతన్నాను."

"సుట్టూ లేఅవుట్లే, ఒక్కడూ ఇల్లు కట్టడు. రేటు పెరగాలని అట్టిపెట్టుకుంటారు," విసుక్కుంది అనూరాధ.

"నీ నాలుగు ప్లాట్లూ అలాగే ఉన్నాయి గదా."

పోలమ్మ గొంతులో నిష్ఠూరం లేదు, అలసటే ఉంది.

అనూరాధ తల వంచుకునే అడిగింది.

"అందులో గదులెయ్యడానికి ఎన్నాళ్లు పడతాది?"

"నాలుగు నెల్లు. అందాకా నేనెక్కడుంటాను?"

"మా ముందుగది కూడా కాళీయే అత్తా," అంది అనూరాధ సిగ్గుపడుతూ. "సామాను అట్టుకొచ్చీ."