ఫ్లెక్సీ మీది కెప్టెన్

సిద్దమ్మ బ్యాగులో బట్టలు సర్దుతుంటే, మనవరాలు గీతాంజలి వాటిని తీసి మంచం మీద పడేస్తోంది.

"నేను విమానాల బడికి పోనవ్వా. రెండుసార్లు విమానాన్ని సరిగ్గా దించలేకపోయినా. నువ్వొక్కదానివే నడిపేందుకు ఇంకా పనికిరావన్నాడు సారు."

"పోకుంటే ఎట్లమ్మీ?" అన్నాడు మేనమామ రఘునాథ్. "ప్రొద్దుటూరులో ఫ్లెక్సీ కొట్టించి వీధి మొగలో కట్టినానే! నా పరువేం గావాల?"

'కెప్టెన్ గీతాంజలికి అభినందనలు' అని ఆమె బడిలో చేరిన రోజే కట్టించాడు. అందులో ఆమె ముఖం నిమ్మకాయంత, ఆయన ముఖం గుమ్మడికాయంత.

"దించేటప్పుడు నాకు రన్‌వే కనపడదవ్వా. ఆ ఫ్లెక్సీనే కనపడతాది."

సిద్దమ్మ చేతులు ఆగిపోయాయి. పిల్ల ఓడిపోయి ఇంటి పట్టున ఉంటే చాలని లోలోపల మొక్కుకున్నది తనే. పోయినవాళ్లు రారేమోనని ఆమెకు ఎప్పుడూ భయమే. ఇప్పుడా మొక్కు ఫలించబోతుంటే సిగ్గేసింది.

కొడవలి తీసుకుని బయటికి నడిచింది. ఫ్లెక్సీ తాళ్లు కోసి, లాక్కొచ్చి, గొర్రెపిల్లల దొడ్డి మీద పరిచింది.

"ఏందత్తా ఇది! నా మొగం!" అని అరిచాడు రఘునాథ్.

"వానకు పిల్లలు తడస్తాండాయప్పా. ఇన్నాళ్లకు నీ మొగం పనికొచ్చింది."

మనవరాలి వైపు తిరిగింది. "ఇంక ఎవురూ చూడరు, పో. పదిసార్లు తప్పినా పదకొండోసారి దించు."

గీతాంజలి బట్టలు తనే సర్దుకుంది.

ఆరు నెలలకు ఒంటరిగా విమానం నడిపి, సెలవులకు ఇంటికొచ్చింది. 2023 ఆగస్టులో, ఫ్లెక్సీ కోసిన ఆ సాయంత్రమే అలిగి పులివెందుల బస్సెక్కిన రఘునాథ్ మాత్రం ఇంతవరకు తిరిగి రాలేదు.