అరువు గాలి

“గాలి కావాలంటే వాణ్నే వచ్చి అడగమనండి. మధ్యలో మీ రాయబారం ఏమిటి?” అంది మేస్త్రమ్మ, చేతిలోని పెయింటు గన్ను దించకుండానే.

మాస్టారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బడిలో పిల్లలకు డ్రాయింగు నేర్పి, ఇంటికి పోయే ముందు ఈ షెడ్డుకొచ్చి గేట్లకు బొమ్మలు గీసిపెట్టడం ఆయన అలవాటు. షెడ్డు ఒకటే, మధ్యలో రేకు గోడ. ఇటు గేట్లూ గ్రిల్సూ చేసేది ఆయన భార్య. వీధిలో అందరూ ఆమెను మేస్త్రమ్మ అనే అంటారు. అటు మెట్ల రెయిలింగులు చేసేవాడు ఆమె తమ్ముడు. కొంతకాలంగా అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు. దేనికి పోట్లాడుకున్నారని అడిగితే ఇద్దరూ చెరో కారణం చెప్పేవారు.

“కొత్తగా ప్లాస్మా కట్టర్ కొన్నాడే. దానికి గాలి ఒత్తిడి కావాలట. కంప్రెసర్ నీ దగ్గరే ఉంది కదా, గోడ మీదుగా ఒక పైపు వేసుకుంటానంటున్నాడు,” అన్నారు మాస్టారు బతిమాలుతున్నట్టుగా. “ఆసుపత్రి మెట్ల రెయిలింగుకు స్టీలు పక్షులు కొయ్యాలట. స్టెయిన్‌లెస్ స్టీలు గ్యాసు మంటకు లొంగదు. నీకు తెలియనిదేముంది?”

“తెలుసు కాబట్టే అడుగుతున్నా. ఎంత మందం కోస్తుందో చూసుకుని కొన్నాడా, కొట్టువాడు అంటగట్టింది మోసుకొచ్చాడా?”

“నాకేం తెలుసు?”

“కనుక్కురండి.”

మాస్టారు గోడ చుట్టూ తిరిగి వెళ్లారు. బామ్మర్ది కొత్త మెషిన్ ముందు గొంతుక్కూర్చుని, దాన్ని పాత బనీనుతో తుడుస్తున్నాడు.

“పావంగుళం దాకా శుభ్రంగా కోస్తుందని చెప్పు బావా. నా రేకులకు అది చాలు. అంగుళం కోసేది కొంటే మూడు ఫేజుల కరెంటు లాగించుకోవాలి. ఇది ఇంట్లో కరెంటుతోనే నడుస్తుంది.”

మాస్టారు ఇటొచ్చి చెప్పారు.

“ఆపకుండా ఎంతసేపు కోస్తుందట? కాసేపటికే వేడెక్కి ముసుగు తన్నే మెషిన్లున్నాయి.”

మాస్టారు మళ్లీ అటు వెళ్లారు.

“సగం సేపు కోస్తే సగం సేపు చల్లారనివ్వాలి బావా. ఆ ఖాళీలో కోసిన ముక్కల అంచులు రుద్దుకుంటాను.”

మళ్లీ ఇటు.

“తడి గాలి పోతే, చేత్తో పట్టి కోసే ఆ టార్చి మూతిని తినేస్తుంది. నీటిని పట్టే ఫిల్టరు పెట్టాడా?”

మాస్టారు రేకు గోడకు చేరగిలబడ్డారు. “నా చెప్పులు అరిగిపోయాయే. ఇన్ని ఆరాలు తీసేదానివి, నువ్వే వెళ్లి అడగకూడదూ?”

“ఫిల్టరు లేదు బావా,” అని గోడ అవతలి నుంచి గొంతు వినిపించింది. “ఏది మంచిదో నాకు తెలీదు.”

మేస్త్రమ్మ పెయింటు గన్ను కింద పెట్టింది. మూలనున్న డబ్బా కెలికి ఒక ఫిల్టరు తీసింది. పైపు చుట్ట భుజాన వేసుకుని గోడ చుట్టూ విసవిసా నడిచింది.

“లే,” అంది తమ్ముడితో. మెషిన్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. “ఎర్తు క్లిప్పు పెయింటు మీద పెడితే కరెంటు ఎలా పారుతుందిరా? లోహం కనపడేలా గీకు.”

“గీకుతానక్కా.”

ఆ పిలుపు విని ఎన్నాళ్లయిందో. ఆమె ముఖం తిప్పుకుని పైపు బిగించడంలో పడింది.

“అసలిది ఎలా కోస్తుందిరా?” అని మాస్టారు మధ్యలో దూరారు. “గ్యాసా లేదు, రంపమా లేదు.”

“గాలిని సన్నటి బెజ్జంలోంచి గట్టిగా ఊదుతుంది బావా. ఆ గాలిలోంచే కరెంటు లోహం మీదికి దూకుతుంది. దాంతో గాలి భగ్గున వేడెక్కి స్టీలును కూడా వెన్నలా కరిగించేస్తుంది. దాన్నే ప్లాస్మా అంటారు. కరిగిందాన్ని ఆ ఊపుతోనే అవతలికి ఊదేస్తుంది.”

“మీ అక్క కోపంలాగా అన్నమాట. బయలుదేరేటప్పుడు ఉత్త గాలే, తగిలినవాడి పని మాత్రం సరి!”

మేస్త్రమ్మ ఆపుకోలేక ఫక్కున నవ్వింది. తమ్ముడూ నవ్వాడు.

ఇక అదే వరుస అయిపోయింది. పొద్దున్నే “అక్కా, గాలి వదులు,” అని తమ్ముడు కేకేసేవాడు. ఫిల్టరులో నీళ్లు వంచే నెపంతో ఆమె టీ ఫ్లాస్కుతో వెళ్లేది. “చెయ్యి అంత నెమ్మదిగా జరిపితే కరిగిన లోహం అడుగున చిట్టెంలా పేరుకోదూ?” అని కసిరేది, అంచు నున్నగా వచ్చిన ముక్కను వెలుతురుకు పట్టి చూసి మురిసిపోయేది. మధ్యాహ్నం ముగ్గురి అన్నం గిన్నెలూ ఒకే బల్ల మీదికి చేరాయి. మాస్టారు సుద్దముక్కతో గీసిన పక్షులు ఒక్కొక్కటే రెక్కలు విప్పుకుని రేకులోంచి ఊడి వస్తుంటే, తన బొమ్మలకు ఇన్నాళ్లకు ప్రాణం వచ్చిందని ఆయన పొంగిపోయారు.

ఒకరోజు కొత్త బొమ్మ గీసిన రేకు పట్టుకుని అటు వెళ్తూ ఆయన పైపుకు కాలు తగిలి తూలారు. పైపు మెషిన్ నుంచి ఊడి, మూతి దానంతటదే మూసుకుపోయి నేల మీద పడింది. కోత మధ్యలో ఆగితే పక్షి రెక్క పాడైపోతుందని ఆయన చటుక్కున అటు చూశారు.

కోత ఆగలేదు. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న బామ్మర్ది వంచిన తల ఎత్తలేదు. నిప్పురవ్వలు జలజలా రాలుతూనే ఉన్నాయి. మాస్టారు వంగి మెషిన్‌కు చెవి దగ్గరగా పెట్టారు. లోపలేదో చిన్న మోటారు గుర్రుమంటోంది. అచ్చం భార్య కంప్రెసర్ చప్పుడే, కాకపోతే పసిపిల్ల గొంతుతో.

ఆయన ఒక్క పరుగున ఇవతలికొచ్చారు.

“విన్నావటే, నీ తమ్ముడు మనల్ని వెర్రివాళ్లను చేశాడు! ఆ మెషిన్ కడుపులోనే కంప్రెసర్ ఉంది. పైపు ఊడిపోయినా కోస్తూనే ఉంది. వాడికి నీ గాలితో పనే లేదే!”

మేస్త్రమ్మ కూర్చున్నది కాస్తా ఉలిక్కిపడి లేచింది. “ఊడిపోయిందా?” అంటూ కంగారుగా గోడవైపు చూసి, గొంతు తగ్గించింది.

“అది నాకు మొదటి రోజే తెలుసు గానీ, వాడు కళ్లద్దాలు తీసేలోపు వెళ్లి ఆ పైపు తగిలించి రండి!”